దులిపినట్టు సంతకం

రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు ఏం చేశారని ఎవరైనా నన్నడిగితే, మా ఆవిడ నాకంటే ముందే జవాబు చెప్పేస్తుంది. "దుప్పట్లు చూశారు" అంటుంది. ఆ మాటలో వెటకారం ఉందిగానీ అబద్ధం లేదు. డిప్లమా చదివి, పరీక్ష రాసి, ఇంజను పక్కన నిలబడి ఫొటో తీయించుకుని మరీ చేరినవాణ్ణి. మొదటి కొన్నేళ్ళు పెట్టెల కింద దూరి బ్రేకులు చూశాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళపాటు ఏసీ పెట్టెల్లో ప్రయాణికులకిచ్చే దుప్పట్లకూ దిండ్లకూ కంబళ్ళకూ సూపర్‌వైజర్ని. విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర చెమటోడ్చిన మా నాన్నకు ఇది మింగుడు పడలేదు. కొడుకు దిండు గలీబులు చూసుకుంటున్నాడని మేముండే క్యాంప్ 1 బస్తీలో ఎవరికీ చెప్పేవాడు కాదు. "మావోడు రైల్వేలో ఉన్నాడు" అని అక్కడితో ఆపేసేవాడు.

ఈ మధ్య డిపోలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, పనిలో మెలకువలు చెప్పమన్నారు. ఫైళ్ళ సంగతీ ప్రమోషన్ల సంగతీ వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని చెప్పే ధైర్యం నాకు ఒక సినిమా వల్ల వచ్చింది కనక అక్కడి నుంచే మొదలుపెడతాను.

సలహాదారు

నిరుడు ఎండాకాలంలో బొంబాయి నుంచి సినిమావాళ్ళు దిగారు. చలికాలం, పొగమంచు, ఉత్తరాది నుంచి వచ్చే దూరప్రయాణపు రైలు, అందులో ఒక హత్య. ఇదీ వాళ్ళ కథ. చలికథ తీయడానికి మండుటెండలో భిలాయి ఎందుకంటే, నడిచే రైలు అద్దెకు తీసుకునే స్తోమత లేదు. మా డిపో వెనక పట్టాల మీద పనికిరావని పడేసిన నాలుగు పాత ఏసీ పెట్టెలు మాత్రం చవగ్గా దొరికాయి. ఇప్పుడున్న అధికారికి వాళ్ళ ప్రశ్నలకు జవాబిచ్చే ఓపిక లేదు. రిటైరైనవాడు ఊరికే దొరికే మనిషి కనక నా నంబరిచ్చి పంపేశాడు. అరవై నాలుగో ఏట నేను సినిమాకు సాంకేతిక సలహాదారుణ్ణయ్యాను.

డైరెక్టర్ ముప్ఫై దాటని కుర్రాడు. కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ఎండలో మెడకు మఫ్లర్ చుట్టుకుని తిరిగేవాడు. కథలోకి దిగడానికట. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి కథంతా చెప్పాడు. పొగమంచులో రైలు నడిమధ్యలో ఆగిపోతుంది. ఒకటో తరగతి ఏసీలో వజ్రాల వ్యాపారి చచ్చిపడి ఉంటాడు. రిటైరైన పోలీసాయన ప్రయాణికులందర్నీ ఒక పెట్టెలో చేర్చి ఒక్కొక్కరినే ప్రశ్నిస్తాడు. ఆఖరుకు తేలేదేమిటంటే, పక్కలు వేసే అటెండెంటే హంతకుడు. దుప్పటి మెలేసి వ్యాపారి గొంతు నులిమేశాడు.

"మా దుప్పటితోనా?" అన్నాను.

"హా అంకుల్. క్యోఁ?"

"గొంతు కంటే ముందు దుప్పటి చిరుగుతుంది బాబూ."

ఆయన నవ్వి, చాలా బాగుందన్నట్టు "బహుత్ బఢియా" అన్నాడు. నా సలహాలన్నిటికీ ఆయన ఇచ్చిన జవాబు అదే. పొగమంచులో రైలాగితే జనం భయంతో బిగుసుకుపోరని, అందరూ కిందికి దిగి టీ కోసం వెతుకుతారని చెప్పాను. ఇరవై మందిని ఒక పెట్టెలో చేరిస్తే పది నిమిషాల్లో పూరీలు పంచుకుంటారని, పావుగంటలో కింది బెర్తు కోసం తగువు మొదలవుతుందని, హంతకుడి ఊసే ఎవరికీ పట్టదని చెప్పాను. రెండు గంటల సినిమాలో ఒక్కడు కూడా ఏసీ తగ్గించమని అడగకపోవడం అన్యాయమని కూడా చెప్పాను. అన్నిటికీ బహుత్ బఢియా అని, ముందు అనుకున్నదే తీశాడు. ముప్ఫై నాలుగేళ్ళు పై అధికారుల కింద పనిచేసినవాణ్ణి కనక నాకిదేమీ కొత్తగా అనిపించలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టాను. "అటెండెంటే చంపాడంటే ఎవడూ ఆశ్చర్యపోడు" అన్నాను.

"అదే ట్విస్ట్ అంకుల్. అటెండెంట్ వైపు ఎవరూ చూడరు కదా."

"రైల్లో దువ్వెన పోయినా ముందు అడిగేది అతన్నే. నిజంగా జనాన్ని ఆశ్చర్యపరచాలంటే అతను ఏమీ చేయలేదని తేల్చండి."

కుర్రాడు మఫ్లర్ సర్దుకున్నాడు. "కానీ అంకుల్, అందులో మజా ఏముంది?" అన్నాడు.

దుప్పటి చూసే పని

పిల్లలూ, మీరు చేరిన పనిని చిన్నచూపు చూడకండి. రైలెక్కిన పెద్దమనిషి గుణం టికెట్టు మీద ఉండదు, అతను వదిలేసిన పక్కలో ఉంటుంది. కంబళితో బూట్లు తుడుచుకున్న కలెక్టర్లను ఎరుగుదును. చేతి తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని, మా అటెండెంటుకు నీతులు చెప్పిన ఆచార్యుణ్ణి ఎరుగుదును. చలికాలం వచ్చిందంటే కంబళ్ళకు కాళ్ళొచ్చేవి. ఒకసారి మా ఊరి పవర్ హౌస్ బజారులో మా కంబళి కప్పుకుని తిరుగుతున్న మేకను కూడా చూశాను. ఎవరిదని వాకబు చేస్తే మా డిపోలోనే పనిచేసే ఒకాయన బావమరిదిదని తేలింది. ఆ దర్యాప్తు అక్కడితో ఆగిపోయింది.

ఇంకోటి. చలికాలం రైళ్ళలో ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు కూడా, నగలూ డబ్బూ చిన్న సంచిలో వేసి దిండు గలీబు లోపలికి తోసేస్తారు. తల కింద ఉంటే భద్రమని నమ్మకం. సామాను పెట్టెకు గొలుసు కట్టి తాళం వేస్తారు, అందులో ఉండేవి పచ్చళ్ళు. బంగారం మాత్రం మా గలీబులో ఉంటుంది. ఇది తెలియనివాడు ఈ పనికి పనికిరాడు. అందుకే మా పనిలో ఒక నియమం ఉంది. రైలు ఆఖరు స్టేషన్ చేరాక వాడిన దుప్పట్లనూ గలీబులనూ విడివిడిగా విప్పి, దులిపి, అప్పుడే ఉతికే చోటుకు పంపాలి. దులిపినట్టు సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి.

ఈ నియమం రాసినవాడు తెలివైనవాడు. దాన్ని పాటించకుండా నడిపించినవాడు మా డిపో పెద్దసారు. ఆయన వచ్చిన కొత్తలో రైలు శుభ్రం చేసి తిప్పి పంపే సమయం తగ్గించి చూపిస్తానని పైవాళ్ళకు మాటిచ్చాడు. అందుకోసం ప్రయాణికులు దిగకముందే, ఆఖరు స్టేషన్‌కు గంట ముందే, అటెండెంట్లు పక్కలు లాగి మూటలు కట్టేయాలని నోటిమాటగా ఆర్డరు వేశాడు. నోటిమాట అన్నది గుర్తుంచుకోండి. మంచి ఆర్డర్లు కాగితం మీద ఉంటాయి, ఇలాంటివి నోటితోనే వస్తాయి.

ఇక మూటలు డిపోకు రాగానే దులపడానికి టైమేది? రోజుకు వేల దుప్పట్లు. ఒక్కొక్కటే దులిపితే మరుసటి రైలుకు పక్కలుండవు. అందుకని అందరం ఒక పద్ధతి కనిపెట్టాం. ఉదయం డ్యూటీకి రాగానే ఆ రోజు రాబోయే రైళ్ళన్నిటికీ 'దులిపి చూడడమైనది, ఏమీ లేదు' అని ముందే సంతకాలు పెట్టేసేవాళ్ళం. ఇంకా నాగపూర్ దాటని రైలు దుప్పట్లను నేను భిలాయిలో దులిపేసేవాణ్ణి. అలాంటి దివ్యశక్తి నాకుందని అప్పట్లో నవ్వుకునేవాణ్ణి కూడా. మా డిపోలో దాన్ని తప్పనుకున్నవాడు లేడు. దులుపుతూ కూర్చున్నవాణ్ణే చేతకానివాడనేవాళ్ళు.

ఎర్రయ్య

ఎర్రయ్యది శ్రీకాకుళం వైపు. క్యాంప్ 1లో మా వెనక సందు. కాంట్రాక్టు అటెండెంటు. పక్క వేస్తే దుప్పటి మీద ముడత ఉండేది కాదు. కుడి మణికట్టు మీద 'వరం' అని తెలుగులో పచ్చబొట్టు ఉండేది, ఒక్కతే కూతురు వరలక్ష్మి పేరు. నేను రిటైరవడానికి తొమ్మిదేళ్ళ ముందు, ఒక చలికాలం, అతని పెట్టె ఉన్న రైలు పొగమంచులో చిక్కుకుని పదకొండు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైన రైలుకు తొందరెక్కువ. రెండు గంటల ముందే మూటలు కట్టేయమని ఫోనులో చెప్పాను. నిద్రమొహాల మీంచి దుప్పట్లు లాగేశారు.

రైలు ఆగాక ఒక పెద్ద అధికారి భార్య గొల్లుమంది. చిన్న గుడ్డసంచిలో రెండు గాజులు, ఒక గొలుసు ఉండాలి, లేవు. ఎక్కడ పెట్టుకున్నారంటే చేతిసంచిలోనే అంది. ఆవిడా అబద్ధం చెప్పలేదు. నిద్రలో ఎప్పుడు గలీబులోకి మార్చిందో ఆవిడకే గుర్తులేదు. పెట్టెలో అటు ఇటు తిరిగింది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. తిరిగేవాడు ఒకడే ఉంటాడు కదా.

పోలీసుల గదిలో నేనూ ఉన్నాను. ఎర్రయ్య ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. నా వైపు తిరిగి ఒక్కమాట అడిగాడు.

"బాబూ, మూటలు ఇప్పీసి ఓపాలి సూడండి. గలీబులో పెట్టుంటాది అమ్మగారు."

నేను చెప్పిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "మూటలు దులిపేశాం ఎర్రయ్యా. ఏమీ లేదు. సంతకం కూడా అయిపోయింది."

మూటలు అప్పటికి నా ఆఫీసు వరండాలో పడి ఉన్నాయి. ముడి కూడా విప్పలేదు. వెళ్ళి విప్పితే ఒక గంట పని. కానీ విప్పితే, దులిపినట్టు పొద్దున్నే పెట్టిన సంతకం ఏమవుతుంది? ఒక్క సంతకం అబద్ధమంటే మిగతా వేల సంతకాల సంగతి అడుగుతారు. నేను ఊరుకున్నాను. మూటలు ఉతకడానికి వెళ్ళిపోయాయి. నా సంతకం చూపించే పోలీసులు, దుప్పట్లలో లేదు కనక మనిషి దగ్గరే ఉందన్నారు. రెండు రోజులు ప్రశ్నించి, ఏమీ దొరక్క వదిలేశారు. కాంట్రాక్టరు మాత్రం మూడో రోజునే తీసేశాడు.

నాలుగో రోజు, ఉతికే మిషన్ నీళ్ళు పోయే జాలీలో గుడ్డసంచి దొరికింది. అక్కడ పనిచేసే ఒకామె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గాజులు తళతళలాడుతున్నాయి. నేను పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తలుపేసి, కూర్చోమని, టీ తెప్పించాడు. పెద్దసారు టీ తెప్పించాడంటే భయపడాలని మీకూ త్వరలోనే తెలుస్తుంది.

"మిషన్‌లో దొరికిందని రాస్తే తుమ్హారీ నౌకరీ పోతుంది, నాదీ పోతుంది" అన్నాడు. "పెట్టెలో ప్రత్యేక తనిఖీ చేశావు. బెర్తు కింద సందులో దొరికింది. అంతే రాయి."

అంతే రాశాను. ఆవిడకు నగలు చేరాయి. పెద్దసారుకు పేరొచ్చింది. నాకు అప్రమత్తతకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. మా ఆవిడ దానికి అద్దం కట్టించి ముందు గదిలో పెట్టింది. ఇక ఎర్రయ్య సంగతి. ముందు వెతికినప్పుడు లేని సంచి తర్వాత బెర్తు కింద దొరికిందంటే అర్థమేమిటి? దొంగ భయపడి తిరిగి పెట్టేశాడనేగా. కాంట్రాక్టరు తన పుస్తకంలో అలాగే రాసుకున్నాడు, క్యాంప్ 1 అలాగే చెప్పుకుంది. ఎర్రయ్య పవర్ హౌస్ స్టేషన్ ముందు టీబండి పెట్టుకున్నాడు. నేను అటువైపు వెళ్ళాల్సివస్తే రెండో గేటు నుంచి వెళ్ళేవాణ్ణి.

నేను దుర్మార్గుణ్ణని అనుకోను. దుర్మార్గుడికి కొంచెం కష్టపడే గుణం ఉంటుంది. నేను బద్ధకస్తుణ్ణి, పిరికివాణ్ణి, నలుగురితో నారాయణ అనేవాణ్ణి. మా పనిలో మనుషుల కొంపలు ముంచేది ఎక్కువగా ఇలాంటివాళ్ళే.

చేతులు

మళ్ళీ సినిమాకు వద్దాం. హంతకుడి వేషం వేసిన నటుడు పేరున్నవాడే, కానీ పక్క వేయడం చేతకాలేదు. సినిమా మొదట్లో అతను దుప్పటి ఒక్క విదిలింపుతో పరిస్తే అది బెర్తు మీద అలా వాలాలి. ఇరవైసార్లు విదిలించాడు. ఒకసారి లైటు మీద పడింది, ఒకసారి డైరెక్టర్ తల మీద. "అంకుల్, అసలీ ఆద్మీ ఎవరైనా ఉన్నారా?" అన్నాడు డైరెక్టర్, తల మీంచి దుప్పటి తీసుకుంటూ.

నేను ఎర్రయ్య బండి దగ్గరికి వెళ్ళాను. అతనంత చేయి తిరిగినవాడు లేడన్నది నిజం. నాలుగు రోజుల మంచి కూలి ఇప్పిస్తే నా మనసు కాస్త తేలికవుతుందని ఆశపడ్డానన్నది ఇంకా నిజం.

"మనకి సినిమాలేటి బాబూ" అని నవ్వాడు. కానీ వచ్చాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, పొట్లం విప్పి, దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించాడు. పదమూడేళ్ళ తర్వాత. అది వెళ్ళి బెర్తు మీద ముడత లేకుండా పడుకుంది. కెమెరావాళ్ళు చప్పట్లు కొట్టారు. మొహం నటుడిది, చేతులు ఎర్రయ్యవి అని అక్కడికక్కడే తేల్చేశారు. పచ్చబొట్టు కనబడినా ఫరవాలేదు, అసలు అటెండెంటులా ఉంటుందన్నారు.

మూడో రోజు ప్రయాణికులందరూ అటెండెంటును దొంగా అని తిట్టే సీను వచ్చింది. నటుడికి ఎలా చేయాలో తోచలేదు. డైరెక్టర్ మఫ్లర్‌తో చెమట తుడుచుకుంటూ ఎర్రయ్యను హిందీలో అడిగాడు. "భయ్యా, మిమ్మల్ని నిజంగా ఎవరైనా ఇలా అంటే ఏం చేస్తారు?"

నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఎర్రయ్య నా వైపు చూడలేదు. తెలుగులోనే చెప్పి, హిందీలోకి తిప్పమని నన్నే అడిగాడు.

"ఏటీ సెయ్యను బాబూ. మూట ఇప్పీమని అడుగుతాను. దులిపీసినాం అంటే, మరింకేటి సెప్తాను. ఊరుకుంటాను."

నేను హిందీలోకి తిప్పాను. మూట, దులపడం, ఊరుకోవడం, మూడు మాటల్లో ఒక్కటీ వదల్లేదు. దొంగకు తేలు కుట్టినట్టు అని మనవాళ్ళంటారు. డైరెక్టర్ "వాహ్" అని, ఆ మాట రాసుకోమని సహాయకుడికి చెప్పాడు. తీసిన సీనులో మాత్రం అటెండెంటు విరగబడి నవ్వుతాడు.

ఆఖరి రోజు ఎర్రయ్య చేతికి తడిపిన దుప్పటి ఇచ్చి, గట్టిగా మెలేసి పిండమన్నారు. ఉతికే సీను అనుకుని, ఒంట్లో బలమంతా పెట్టి పిండాడు. అది హత్య సీను అని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. డైరెక్టర్ పెదవుల మీద వేలు పెట్టి, కెమెరా నడుస్తోందని సైగ చేశాడు. నేను రెండోసారి ఊరుకున్నాను. ఈసారి నా ఉద్యోగానికి వచ్చే ప్రమాదం కూడా లేదు. అలవాటు, అంతే.

మాటినీ

సినిమా చలికాలంలో విడుదలైంది. క్యాంప్ 1 నుంచి మూడు ఆటోల జనం మాటినీకి వెళ్ళాం. ఎర్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన భార్య, వరం. మొదట్లో చేతులు దుప్పటి విదిలించగానే మా వరసలన్నీ ఈలలేశాయి. "ఎర్రయ్య సేతులు, ఎర్రయ్య సేతులు" అని పిల్లలు అరిచారు. వరం అయితే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

రెండు గంటల తర్వాత అవే చేతులు తెర నిండా వచ్చాయి. మెలితిరిగిన దుప్పటి, నరాలు తేలిన మణికట్టు, దాని మీద తెలుగు అక్షరాల్లో వరం. మా దుప్పటి చిరగలేదు. వ్యాపారి గొంతే నలిగిపోయింది. తర్వాత అటెండెంటు మొహం నవ్వింది. మా వరసల్లో ఎవరూ ఈల వేయలేదు. వెనక నుంచి ఒకడు, "అప్పుడు గొలుసు, ఇప్పుడు గొంతు" అన్నాడు. కొందరు నవ్వారు.

ఎర్రయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, మణికట్టు మీద గుండీ పెట్టుకున్నాడు. ఆఖర్లో తెర మీద సాంకేతిక సలహాదారుగా నా పేరొచ్చింది. మా ఆవిడ మోచేత్తో పొడిచి చూపించింది. నాకు సీటు కింద దూరాలనిపించింది.

కాగితం

పది రోజులకు వరం మా ఇంటికొచ్చింది. ఆ పిల్లకు తెలుగు కంటే హిందీ బాగా వస్తుంది, రెండూ కలిపి మాట్లాడుతుంది. రైళ్ళలో పక్కల పని చూసే ఒక కొత్త కంపెనీ ఆమెను సూపర్‌వైజర్‌గా తీసుకుంది. చేరడానికి వారం ఉండగా ఎవరో మా సందువాళ్ళే సినిమా కబుర్లలో పాత సంగతి మేనేజరు చెవిన వేశారు. ఆయన పాత కాంట్రాక్టరు జాబితా తెప్పించి చూస్తే ఎర్రయ్య పేరు పక్కన 'దొంగతనం' అని ఉంది. తండ్రి సంగతి తేలేదాకా చేరొద్దన్నాడు.

"అంకుల్, మీరు అప్పుడు ఇన్‌చార్జ్ థే నా. ఒక్క లెటర్ ఇవ్వండి" అంది.

నేను వెంటనే రాసిచ్చాను. 'శ్రీ ఎర్రయ్య నాకు పాతికేళ్ళుగా తెలుసు. నాకు తెలిసినంతవరకు మంచివాడు, కష్టజీవి' అని. ఆ పిల్ల నిలబడే చదివింది. కాగితం బల్ల మీద పెట్టేసింది.

"ఇందులో కుఛ్ భీ లేదు అంకుల్. నాన్న మంచోడని టీ తాగినోళ్ళందరూ రాస్తారు. తీయలేదని ఎవరు రాస్తారు?"

"పాత విషయం కదమ్మా..."

"మీకు పాతది. నాన్న సినిమా నుంచి వచ్చాక టీబండి తీయలేదు. చేతికి ఎప్పుడూ కట్టు కట్టుకుంటున్నాడు. దెబ్బ తగిలిందా అంటే లేదంటాడు."

ఆ మాటతో నా ఆయువుపట్టు మీద కొట్టినట్టయింది. ఆమెను కూర్చోమన్నాను. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. జరిగింది మొదటినుంచీ చెప్పాను. మూటలు, సంతకం, జాలీ, పెద్దసారు టీ. అయిపోయాక మా ఆవిడ లేచి, గోడ మీది మెచ్చుకోలు పత్రం దింపి, నా ముందు బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వరం కళ్ళు తుడుచుకుని, కాగితం నా ముందుకు జరిపింది.

"లిఖియే" అంది.

రాశాను. నేను దులపకుండానే దులిపినట్టు సంతకం పెట్టాను, మూటలు విప్పమని ఎర్రయ్య అడిగినా విప్పలేదు, నగలు ఉతికే మిషన్‌లో దొరికాయి, బెర్తు కింద దొరికాయని అబద్ధం రాశాను, ఎర్రయ్య ఏమీ తీయలేదు. ఐదు వాక్యాలు. పదమూడేళ్ళు పట్టింది. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ చేయలేరని తెలిసి రాసినవే, అందుకని నా ధైర్యాన్ని మెచ్చుకోకండి. దాన్ని చదివిన మేనేజరు, కాస్త నసిగి, వరాన్ని సోమవారం నుంచి రమ్మన్నాడు.

దీంతో అయిపోయిందనుకున్నాను. ఆ ఆదివారం ఎర్రయ్య మా గుమ్మం ముందుకొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కాగితం నకలు చేతిలో ఉంది. చేతికి ఇంకా కట్టు ఉంది.

"నీకు ముందే తెలుసు కదా ఎర్రయ్యా" అన్నాను. "మూటలు విప్పలేదని."

"తెల్సు బాబూ. మూటలు మీ వరండాలో ఉండగా ఆ పోలీసుల గది కిటికీలోంచి కనిపించినాయి."

"అప్పుడే అనలేకపోయావా?"

"అంటే ఎవుడు నమ్ముతాడు? మీది సంతకం, నాది నోరు." కాగితం నా చేతిలో పెట్టాడు. "కంపెనీకిచ్చినారు, పిల్లకి ఉజ్జోగం వొచ్చినాది. బాగుంది. కానీ నన్ను దొంగన్నది కంపెనీ కాదు బాబూ. మా సందు. మా సందుకి ఎవుడు సెప్తాడు?"

ఆ సాయంత్రం, కొళాయికి నీళ్ళొచ్చే వేళకు, నేను వెనక సందులో నిలబడ్డాను. బకెట్లు పట్టుకుని ముప్ఫై నలభై మంది పోగయ్యారు. ప్లాంటులో చేసి రిటైరైన మా నాన్న స్నేహితుడొకాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సినిమా హాల్లో 'ఇప్పుడు గొంతు' అని ఎగతాళి చేసినవాడు కూడా ఉన్నాడు, మొహం నాకు తెలుసు. కంపెనీకి హిందీలో రాసిన కాగితాన్ని తెలుగులో చదివాను. మూడో వాక్యం దగ్గర కొళాయి ఎవరో కట్టేశారు. అబద్ధం రాశాను అన్నచోట నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. ఐదో వాక్యం ముగించి కాగితం మడవబోయాను.

ఎర్రయ్య తన గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతి కట్టు విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"కొంచిం గట్టిగా సదవండి బాబూ. ఆ సివరింటోలికి వినబళ్ళేదు."

నేను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచి చదివాను.